నీటిని బట్టి నావ

పుట్టపర్తి నుండి ఓడలను గూర్చి మాటాడుట కొందరు శ్రోతలకు వింతగా తోచవచ్చును. ఇది అనంతపురపు మెట్ట పీఠభూమి. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు నేల. చిత్రావతిలో నీరు కనబడు దినముల కంటె ఇసుక కనబడు దినములే యెక్కువ. మంచి వాన కురిసిన యేడు బుక్కపట్నము చెరువు నిండినచో అదియే ఇచ్చటివారికి సముద్రము. అయినను ఆ చిత్రావతి పెన్నలో కలియును. పెన్న నెల్లూరు జిల్లాలో ఊటుకూరు కడ బంగాళాఖాతమున బడును. కావున మా యేటికిని కడలికిని చుట్టరికము లేకపోలేదు.

అంతేకాదు, ఓడల నిలుకడను గూర్చిన శాస్త్రము కూడ ఒక పీఠభూమి మీదనే పెరిగినది. భూమి యాకారమును కొలుచుటకై ఫ్రాన్సు దేశపు పండితులు కొందరు 1735లో దక్షిణ అమెరికాకు బయలుదేరిరి. క్విటో నగర ప్రాంతమున, సముద్రమట్టమునకు రెండువేల ఎనిమిదివందల మీటర్లకు పైబడిన యెత్తులో, ఆండీస్ కొండల నడుమ వారు ఏండ్ల తరబడి పనిచేసిరి. వారిలో పియర్ బూగేర్ అను గణితవేత్త యుండెను. పగలు కొండలను కొలుచుచు, తీరిక వేళల నతడు నౌకాశాస్త్రమును గూర్చి యొక గ్రంథమును వ్రాయుచుండెను. ఆ గ్రంథము 1746లో అచ్చుపడినది. ఓడ ఒరిగినప్పుడు మరల ఎట్లు లేచునో లెక్కగట్టి చూపిన తొలి గ్రంథములలో నదియొకటి. కడలికి దూరమున నుండియు ఓడను గూర్చి ఆలోచింపవచ్చునని చెప్పుటకు మాకీ దృష్టాంతము చాలును.

ఏ నావను జూచినను మూడు ప్రశ్నలు వేయవలెను. ఇది వేగముగా పోవునా? ఒరిగినచో మరల లేచునా? లోపలి మనుష్యులకు సుఖముగా నుండునా? నావ పొడవు, వెడల్పు, లోతు, బరువు, తెరచాప వైశాల్యము అను కొలతలను ఒకదానితో నొకటి భాగించి చూచినచో ఈ మూడింటికిని కొంతవరకు సమాధానము దొరకును. ఆ భాగహారపు ఫలములే నావాశిల్పులు చెప్పు నిష్పత్తులు. అయితే మూడు ప్రశ్నలకును సంపూర్ణముగా ‘ఔను’ అని చెప్పగల నావను ఇంతవరకెవ్వరును కట్టలేదు. ఒకటి కావలెనన్న వేరొకటి కొంత వదలుకొనవలసినదే. మన తెలుగువారి నావలు ఏమి కోరి యేమి వదలుకొన్నవో చూచుటయే నేటి మా ప్రసంగమునకు విషయము.

మొదట మా పీఠభూమి నావనే తీసికొందము. దానిని పుట్టి యందురు. అరిగోలు అనియు పేరు. వెదురు బద్దలతో గుండ్రని గంపవలె అల్లి, వెలుపల తోలు కప్పుట పూర్వపు పద్ధతి. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్రను దాటించు ఈ గంపపడవలను వర్ణించినాడు. ఒక్కొక్కటి పదునైదు, ఇరువది మందిని మోయుననియు, అవసరమైనచో గుఱ్ఱములును ఎద్దులును కూడ వీనిలో దాటుననియు, తెడ్లతో నడుపుచుండగా గిరగిర తిరుగుచుండుననియు, తక్కిన పడవలవలె తిన్నగా పోజాలవనియు వ్రాసెను. ఆ రాజ్యమందలి యేళ్ళలో ఇవి తప్ప వేరు పడవలు లేవనియు చెప్పెను.

పుట్టి పొడవును వెడల్పుతో భాగించినచో వచ్చునది ఒకటి. ముందు వెనుకలు లేని ఆకారము గనుక అది తిన్నగా పోదు. నీటిని చీల్చు ముక్కు లేదు గనుక వేగము లేదు. కాని మా నదులేట్టివి? మోకాలిలోతు నీరు, అడుగున బండలు, వరదనాడు సుడులు. పొడవైన పడవ ఆ బండలలో జిక్కి అడ్డము తిరుగును. పుట్టి బండను తాకి, ఒక చుట్టు తిరిగి, ప్రక్కగా జారిపోవును. జానెడు నీటిలోనే తేలును. పని ముగిసినపిమ్మట మనిషి దానిని నెత్తిమీద బోర్లించుకొని ఇంటికి పోవచ్చును. వేగమును విడిచి, బరువు మోయు శక్తిని, లోతు లేని నీటిలో తేలు నేర్పును అది సంపాదించుకొన్నది.

నిలుకడ యన్నది రెండు విధములని తెలిసికొనుటకు వంటయింటి సామానులే చాలును. గంగాళములో నీరుపోసి, దానిపై ఒక పళ్ళెమును విడువుడు. వ్రేలితో అంచును కొంచెము నొక్కినచో అది వెంటనే ఎదురు తిరిగి లేచును. వెడల్పు వలన కలిగిన నిలుకడ యిది. కాని అంచు నీటిని తాకువరకు నొక్కితిమా, ఒక్క గ్రుక్కలో నీరు త్రాగి మునిగిపోవును. తరువాత ఒక ఖాళీ చెంబును విడువుడు. అది నిలువక ప్రక్కకు వాలును. ఆ చెంబు అడుగున నాలుగు సీసపు గుండ్లు వేసి మరల విడువుడు. ఇప్పుడు నిటారుగా నిలుచును, ఎంత వంచినను నెమ్మదిగా లేచును. అడుగు బరువు వలన కలిగిన నిలుకడ యిది. లోకమందలి నావలన్నియు ఈ పళ్ళెమునకును ఈ చెంబునకును నడుమ ఎక్కడనో యొకచోట నుండును.

బూగేర్ చూపినది ఈ రెంటిని కలుపు లెక్క. ఓడ ఒరిగినప్పుడు దానిని పైకెత్తు నీటి బలము, ఒరిగిన ప్రక్కకు జరుగును. అచ్చట నుండి నిట్టనిలువుగా ఒక గీత గీసినచో అది ఓడ నడిగీతను ఒక బిందువుకడ కలియును. ఓడ బరువు యొక్క కేంద్రము ఆ బిందువునకు క్రిందనున్నచో ఓడ లేచును, పైనున్నచో బోల్తాపడును. ఆ బిందువు ఎంత యెత్తున నుండునన్నది ముఖ్యముగా వెడల్పును బట్టి యుండును. పొడవు మారక వెడల్పు మాత్రము రెట్టింపైనచో, ఆకారము వలన కలుగు నిలుకడ రెండు రెట్లు గాదు, ఎనిమిది రెట్లగును. వెడల్పున ఒక మూర హెచ్చు తగ్గులు ప్రాణములకు సంబంధించిన సంగతి యగుట ఇందువలననే.

ఈ లెక్క తెలియని కాలమున ఎట్టి ప్రమాదములు జరిగెనో చెప్పుటకు స్వీడన్ దేశపు ‘వాసా’ యను యుద్ధనౌక చాలును. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవునుండి బయలుదేరిన ఆ నౌక, తన తొలి ప్రయాణముననే, రెండు కిలోమీటర్లైన పోకముందే, కొద్దిపాటి గాలికి ఒరిగి మునిగిపోయెను. పైని ఫిరంగుల బరువు హెచ్చు. దానికి తగిన వెడల్పు గాని అడుగు బరువు గాని లేదు. అంతకుముందు ముప్పది మంది నావికులు దానిమీద ఇటునటు పరుగెత్తి చూడగా ఓడ మితిమీరి ఊగెను. పరీక్షను ఆపివేసిరి గాని ప్రయాణమును ఆపలేదు.

ఇక మన తీరమునకు వత్తము. క్రీస్తు శకము రెండవ శతాబ్దమునాటి సాతవాహన రాజుల సీసపు నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మలు కలవు. అవి కోరమాండల్ తీరమున దొరకినవి. రాజు తన నాణెముపై ఓడను ముద్రింపించినాడనగా ఆ ఓడ రాజ్యపు సంపదకు గుర్తు అన్నమాట. కాని నాణెమునుండి కొలతలు తీయుటకు వీలులేదు. బొమ్మను గుండ్రని సీసపు బిళ్ళలో ఇముడ్చుటకై శిల్పి ఓడను కురచ చేసియుండును. బొమ్మ చెప్పగలిగినది రెండు స్తంభములున్నవను మాట వరకే.

కొలతలు చెప్పు పాత గ్రంథము ఒకటి కలదు. ధారానగరమునేలిన భోజరాజు పేర, పదునొకండవ శతాబ్దమునకు చెందినదిగా చెప్పబడు ‘యుక్తికల్పతరువు’. 1912లో రాధాకుముద ముఖర్జీ తన భారతీయ నౌకాచరిత్రలో దీనిని లోకమునకు విశేషముగా పరిచయము చేసెను. అందు నదులలో నడచు సామాన్య నావలు, సముద్రమున నడచు విశేష నావలు అని రెండు తెగలు. విశేష నావలలో మరల దీర్ఘ, ఉన్నత అని రెండు జాతులు. దీర్ఘజాతిలో దీర్ఘిక మొదలు వేగిని వరకు పది పేర్లు గలవు. దీర్ఘిక పొడవు 32 మూరలు, వెడల్పు 4. తరణి పొడవు 48, వెడల్పు 6. వేగిని పొడవు 176, వెడల్పు 22. భాగించి చూడుడు: అన్నింటను వెడల్పునకు పొడవు సరిగా ఎనిమిది రెట్లు, ఎత్తు పొడవులో పదియవ వంతు. ఉన్నతజాతి ఓడలలోనో వెడల్పును ఎత్తును సమానము, పొడవు వానికి రెట్టింపు.

మన పూర్వులకు ఇంత నౌకాశాస్త్రము తెలియునా యని గర్వించుట సులభము. గర్వించుటకు ముందు లెక్కను పరిశీలించుట న్యాయము. సామాన్య నావలలో భీమ, భయ, గర్భర యను మూడు అశుభములని గ్రంథము చెప్పుచున్నది. వాని కొలతలు నీటిమీద నిలుకడ నీయవు గనుక కాబోలునని ముఖర్జీ ఊహించెను. కాని భీమ కొలతలు 40, 20, 20 మూరలు. చపల కొలతలు 48, 24, 24. నిష్పత్తి రెంటికిని ఒక్కటే. ఒకటి అశుభమై వేరొకటి శుభమగుటకు కొలతలలో కారణము కనబడదు. దీర్ఘజాతిలో అశుభములని చెప్పిన లోల, గామిని, ప్లావినుల సంగతియు నంతే. పైగా ఎనిమిదింట నొకవంతు వెడల్పుతో, అడుగు బరువు మాట యెత్తకుండ, తెరచాప వైశాల్యము చెప్పకుండ, ఓడను కట్టుమని ఏ వడ్రంగికిని చెప్పలేము.

అయినను ఆ గ్రంథము వ్యర్థము గాదు. పొడవుగా సన్నముగా నున్న జాతిలో వేగిని, జంఘాల, గత్వర వంటి వడిని తెలుపు పేర్లను, కురచగా బొద్దుగా నున్న జాతిలో గర్భిణి, మంథర వంటి పేర్లను ఉంచినారు. మంథర యనగా మెల్లగా నడచునది. సన్నని ఓడ పరుగెత్తును, వెడల్పైన ఓడ మోయును అను అనుభవము ఆ పేర్లలో నున్నది. ఆ యనుభవము రేవులలోని వడ్రంగులది. దానిని వరుసలుగా పేర్చి సంఖ్యలు కూర్చినది పండితుడు. ఇద్దరి పనిని వేరుచేసి చూచినప్పుడే ఇద్దరికిని న్యాయము చేసిన వారమగుదుము.

ఓడ కొలత తప్పినచో ఏమగునో మన తీరపు రాజులకును తెలియును. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున అభయశాసనము వేయించెను. గాలివానకు పగిలి ఒడ్డునబడిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలాత్కారముగా తీసికొనుచుండిరి. ఇకమీదట నిర్ణయించిన సుంకము తప్ప వేరేమియు తీసికొనమనియు, ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతనియు గణపతిదేవుడు ప్రకటించెను. ప్రాణముకంటె ధనమే మిన్నయని సాహసించి సముద్రయానము చేయువారి మీద దయతో నీ యేర్పాటు చేసితిననియు చెప్పుకొనెను. ఓడలు పగులుట అరుదైనచో ఇట్టి శాసనము రాతిమీద చెక్కింపవలసిన పనియే లేదు.

మోటుపల్లి తీరమున గాని, మచిలీపట్నమున గాని, చెన్నపట్నమున గాని నాడు పెద్ద ఓడలు ఒడ్డునకు వచ్చు వీలు లేకుండెను. అవి దూరమున లంగరు వేసి నిలుచును. నడుమ విరుగు కెరటములను దాటి సరుకును మనుష్యులను ఒడ్డునకు చేర్చునది మసూలా పడవ. 1669 మొదలు 1679 వరకు బంగాళాఖాతపు తీరములలో తిరిగిన థామస్ బౌరీ యను ఆంగ్ల నావికుడు దీనిని వర్ణించెను. లోపల పక్కటెముకల వంటి కొయ్యలు లేవు. వెడల్పైన పలుచని పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. అడుగు చదునుగా నుండును. ఇనుప మేకు ఒక్కటియు లేదు. 1834లో ప్రకటింపబడిన వ్యాసమున జాన్ ఎడై యను నౌకానిర్మాత దాని కొలతలనిచ్చెను: పొడవు 30 నుండి 35 అడుగులు, వెడల్పు 10 నుండి 11, లోతు 7 నుండి 8. నిష్పత్తి సుమారు మూడు.

కెరటము ఈ పడవనెత్తి ఇసుకపై వేసినప్పుడు, మేకులు కొట్టిన గట్టి పడవ పగులును. కుట్టిన పడవ వంగి నిలుచును. ప్రక్కలు ఎత్తుగా నుండుట కెరటపు నీరు లోపల పడకుండుటకు. అడుగు చదునుగా నుండుట ఇసుకపై ఒరుగకుండుటకు. వేగము దానికి అక్కరలేదు. అది పోవలసినది కెరటములను దాటు దూరమే గదా.

దూరప్రయాణములకు దోనెలుండెను. నరసాపురము పదునేడవ శతాబ్దమున ఓడల నిర్మాణమునకు పేరుగాంచినది. మంచి కలప, ఇనుము, నేర్పరులైన వడ్రంగులు దొరకుటచే ఆంగ్ల వర్తకులు కూడ అచ్చట ఓడలు కట్టించుకొనిరి. తరువాత గోదావరి ముఖమునొద్ద కోరంగి ఆ కీర్తిని పొందెను. 1802లో ఎబెనెజర్ రోబక్ అచ్చట ఓడలను బాగుచేయు డాక్ కట్టింపగా, ఆంగ్ల నౌకాదళపు ‘ఆల్బట్రాస్’ అందు మరమ్మతు పొందెను. కోరంగినుండి బర్మాకు వలసపోయిన తెలుగువారు ఎక్కువగుటచే ఆ దేశమున తెలుగువారందరికిని కోరంగీలను పేరే వచ్చినది.

కోరమాండల్ దోనె యొక్క కొలతలను కూడ ఎడై చెప్పినాడు. పొడవు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు చదును, నడుమ ఆ చదును 7 అడుగుల వెడల్పు. ఖాళీగా నున్నప్పుడు 4 అడుగులు, సరుకు నిండినప్పుడు 9 అడుగులు నీటిలో మునుగును. ఇట్లు కొలతలు శ్రద్ధగా వ్రాసిన ఎడై, ఈ నావలు మోటువి, సముద్రమునకు తగనివి అని తీర్పు చెప్పెను. బ్రిటిషు నౌకాదళపు ఓడలకు అలవడిన కన్నులతో చూచినప్పుడు ఆ తీర్పు సహజమే. మా అభిప్రాయమున ఆ తీర్పు దోనెను సరియైన నీటిలో నుంచి చెప్పినది కాదు.

దోనె పోవలసిన దారి యేది? గోదావరి, కృష్ణా ముఖములందు ఇసుకతిన్నెలు అడ్డముగా నుండును. పోటు వచ్చినప్పుడు లోపలికి పోయి, పాటు వచ్చినప్పుడు బురదలో కూర్చుండవలెను. సన్నని లోతైన అడుగున్న ఓడ ఆ బురదలో ఒరిగి ప్రక్కకు పడును. ఏడడుగుల చదునైన అడుగున్న దోనె నిటారుగా కూర్చుండి, మరల పోటు వచ్చువరకు వేచి, లేచి పోవును. నావికులు గాలుల ఋతువు తెలిసి బయలుదేరుదురు. గాలికి ఎదురుగా పోవలసిన పని తక్కువ. ఇట్టి ప్రయాణమునకు మూడున్నర నిష్పత్తి తగినదే. దాని లోపము మరియొకచోట నున్నది. దానికి స్థిరమైన అడుగు బరువు లేదు; సరుకే దానికి అడుగు బరువు. సరుకు నిండిన దోనె చెంబు. సరుకు దిగిన దోనె పళ్ళెము. సరుకు తగ్గిన దినమున గాలివాన వచ్చినచో తెరచాప దించుటకంటె వేరు రక్ష లేదు.

గాలివాన మితిమీరినప్పుడు ఏ నిష్పత్తియు రక్షింపజాలదను సంగతిని కోరంగియే నేర్పినది. 1789 డిసెంబరులో సముద్రము పొంగి ఆ పట్టణమును ముంచెత్తెను. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన రేవును, ఓడలను, వేలకొలది ప్రజలను పొట్టన బెట్టుకొనెను. ‘సైక్లోన్’ అను పదమును కల్పించిన హెన్రీ పిడింగ్టన్ పరిశీలించిన ఉప్పెనలలో కోరంగిది యొకటి. కొలతలు నావకు బుద్ధిని మాత్రమే ఇచ్చును, అభయమును ఈయలేవు.

ఇక వేగము మాట. పందొమ్మిదవ శతాబ్దమున విలియం ఫ్రూడ్ అను ఆంగ్లేయుడు టార్క్వేలో ఒక పొడవైన నీటితొట్టి కట్టి, 1872 నుండి ఓడల చిన్న నమూనాలను అందులో లాగి పరీక్షించెను. నావ కదలునప్పుడు నీటిలో అలను పుట్టించును. వేగము హెచ్చినకొలది ఆ అల పొడవగును. అల పొడవు నావ పొడవుతో సమానమైనప్పుడు ముందుభాగము ఒక శిఖరము మీదను, వెనుకభాగము వేరొక శిఖరము మీదను నిలుచును. అంతకుమించి పోవలెనన్నచో నావ తాను పుట్టించిన అలనే తాను ఎక్కవలెను. నీటిగీతవద్ద పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34తో హెచ్చించినచో ఆ హద్దు నాట్లలో తెలియును. 25 అడుగుల నావకు 6.7 నాట్లు, 100 అడుగుల నావకు 13.4. నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. పొడవు నాలుగు రెట్లైనను వేగము రెండు రెట్లే. అతి సన్ననివియు, నీటిపైకి లేచి జారు తేలికవియు మాత్రమే ఈ హద్దును దాటగలవు.

ఆ హద్దును చేరుటకు గాలి కావలెను; గాలిని పట్టుటకు తెరచాప కావలెను. తెరచాప వైశాల్యమును నావ బరువుతో పోల్చి ఒక సంఖ్యను తీయుదురు. అది 15, 18 నడుమ నున్నచో సాధారణ ప్రయాణపు నావ. 20 దాటినచో పందెపు నావ. సంఖ్య పెరిగినకొలది వేగమును పెరుగును, ఒరుగుటయు పెరుగును. హైదరాబాదున హుస్సేన్‌సాగరములో పిల్లలు నేర్చుకొను ఆప్టిమిస్ట్ నావ పొడవు 2.3 మీటర్లు, వెడల్పు 1.13, నిష్పత్తి రెండు. తెరచాప 3.3 చదరపు మీటర్లే. పెద్దలు పందెములు వేయు లేజర్ నావ పొడవు 4.2 మీటర్లకు కొంచెము మిక్కిలి, నిష్పత్తి మూడు, తెరచాప 7 చదరపు మీటర్లు. పిల్లల నావను వెడల్పు చేసి, తెరచాపను తగ్గించుటలో భద్రత యున్నది. పెద్దల నావలో నావికుని శరీరమే అడుగు బరువునకు బదులు పనిచేయును.

సుఖము నిలుకడకు చుట్టము కాదను సంగతి చాలమందికి తెలియదు. పళ్ళెమును మరల తలచుకొనుడు. వంచిన వెంటనే చటుక్కున లేచును. అట్టి నావలో కూర్చున్నవానికి ప్రతి అలకును ఒక కుదుపు తగులును. కడుపు త్రిప్పును, చేయి పట్టు తప్పును. బరువైన, మితమైన వెడల్పుగల నావ మెల్లగా ఊగును. ఆ ఊపును మనిషి ఓర్చుకొనగలడు. టెడ్ బ్రూవర్ అను నావాశిల్పి బరువు, పొడవు, వెడల్పులను కలిపి ఒక సుఖసంఖ్యను కల్పించెను. దానిని సగము పరిహాసముగనే కల్పించితినని ఆయనయే చెప్పెను. అయినను నావ కొనువారు నేటికిని దానిని చూచుచున్నారు.

ఆ పరిహాసమునకు వెనుక విషాదమొకటి కలదు. 1979 ఆగస్టులో ఇంగ్లండునుండి ఐర్లండు దిక్కుగా సాగిన ఫాస్ట్‌నెట్ పందెమున మూడువందలకు పైగా నావలు పాల్గొనగా, గాలివానలో పందెగాండ్రు 15 మంది మరణించిరి. తేలికగా, వెడల్పుగా కట్టిన పందెపు నావలు కొన్ని తలక్రిందులైనవి. కొన్ని తలక్రిందులుగనే కొంతసేపు నిలిచిపోయినవి. పళ్ళెము నిటారుగా ఎంత స్థిరమో, బోర్లపడినను అంతే స్థిరము! అటుపిమ్మట అమెరికాలో ఒక బోల్తా సంఖ్యను ఏర్పరచిరి. నావ తోయు నీటి ఘనపరిమాణమునకు ఘనమూలము తీసి, దానితో వెడల్పును భాగించినచో ఫలము రెంటికి లోపల నుండవలెను.

ఈ సంఖ్యలను మనవారు నడపిన ఒక నావకు చేర్చి చూతము. 2017 సెప్టెంబరు 10న గోవానుండి భారత నౌకాదళమునకు చెందిన ఆరుగురు స్త్రీలు ‘తారిణి’ యను తెరచాప నావపై ప్రపంచమును చుట్టివచ్చుటకు బయలుదేరి, 2018 మే 21న తిరిగివచ్చిరి. వర్తికా జోషి నాయకురాలు. ఆరుగురిలో ఇద్దరు తెలుగు ప్రాంతపువారు: విశాఖపట్నమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ‘తారిణి’ పొడవు 17 మీటర్లు, వెడల్పు సుమారు 5 మీటర్లు, బరువు 23 టన్నుల ప్రాంతము. దక్షిణ మహాసముద్రములో, హార్న్ అగ్రము చుట్టును, వారిని మోసినది ఈ నావయే.

భాగించి చూచినచో పొడవు వెడల్పుల నిష్పత్తి 3.4. ఎడై మోటుదని తీర్పు చెప్పిన దోనెకు 3.5. యుక్తికల్పతరువులోని తరణికి ఎనిమిది. పేరున తరణి దగ్గర. కొలతన దోనె దగ్గర. బోల్తా సంఖ్య లెక్కగట్టినచో సుమారు 1.8, రెంటికి లోపలనే. దోనెకును తారిణికిని భేదము పైకి కనబడు పొడవు వెడల్పులలో లేదు. నీటి క్రింద, నావ అడుగున లోతుగా దించి బిగించిన స్థిరమైన బరువులో నున్నది. దోనెకు సరుకున్నంతవరకే నిలుకడ. తారిణికి ఎల్లవేళల నిలుకడ. అందుకు ప్రతిగా తారిణి కోరంగి బురదలో కూర్చుండజాలదు. మసూలా వలె ఇసుకను తాకజాలదు. పుట్టి తేలు జానెడు నీటిలోనికి రానే రాజాలదు.

కావున ఒక్క నిష్పత్తిని పట్టుకొని నావను మెచ్చుటయు, తెగడుటయు తగదు. పొడవు వెడల్పులు వేగమును సూచించును. వెడల్పును అడుగు బరువును కలిసి నిలుకడను చెప్పును. బరువు సుఖమును చెప్పును. తెరచాప సాహసమును చెప్పును. వీనినన్నింటిని కలిపి చదివినప్పుడు నావ యే నీటికొరకు పుట్టినదో తెలియును. పేస్ వర్ణించిన పుట్టియు, ఎడై మోటుదన్న దోనెయు తమ నీటికి తప్పుడు కొలతలు గావు. చెరువు గట్టున గాని, నదీతీరమున గాని, రేవున గాని నావను చూచినప్పుడు దాని పొడవును అడుగులతో కొలిచి, వెడల్పుతో భాగించి చూడుడు. పిమ్మట ఆ నావ నడుపువానిని పిలిచి, “అన్నా, సరుకు లేనప్పుడు దీనికి అడుగు బరువేమి వేయుదువు?” అని యడుగుడు. కొలత చెప్పని సంగతిని ఆయన చెప్పును.